దావా వేసినవారే తీర్పరులైతే?

(ప్రొద్దుటూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి విశ్రాంతి పొందిన మాకు దస్త్రాల నడక తెలుసు. నిబంధన ఒక్కటే అయినా, పైనుండి వచ్చిన ఫోను దాని అర్థాన్ని మార్చగలదు. ప్రజలకూ ఈ సంగతి తెలుసు. అందుకే ఏ సంస్థ పేరు చెప్పినా, అది ఎవరి చేతిలో ఉందని మొదట అడుగుతారు.

2018 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఉపసంహరించుకున్నది. 2019లో ప్రభుత్వం మారగానే ఆ సమ్మతి తిరిగివచ్చింది. సంస్థ అదే, మారినది ఏలికల చూపు.

2019 మార్చి 15న పులివెందులలో వై.ఎస్. వివేకానందరెడ్డి హత్యకు గురయ్యారు. 2020 మార్చిలో హైకోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు కేసు విచారణను హైదరాబాదుకు బదిలీ చేస్తూ, ఇక్కడ నిష్పాక్షిక విచారణ జరగదన్న కుటుంబ సభ్యుల భయం సహేతుకమేనన్నది. మాజీ మంత్రి ఇంటివారికే ఆ భయం కలిగినప్పుడు, ఖబరస్తాన్ హద్దురాళ్ళ కోసం కచ్చేరీల చుట్టూ తిరిగే పేదవాని మాటేమిటి?

2025 వక్ఫ్ సవరణ చట్టం 3సి సెక్షన్‌ను చూడండి. ఒక ఆస్తి ప్రభుత్వానిదా కాదా అన్న ప్రశ్న వస్తే, ప్రభుత్వం నియమించే, కలెక్టరుకన్నా పై హోదాగల అధికారి తేల్చాలన్నది. ఆయన నివేదిక వచ్చేవరకు దానిని వక్ఫ్‌గా పరిగణించరాదన్నది. అంటే ప్రభుత్వమే వాది, ప్రభుత్వ ఉద్యోగే తీర్పరి. ఆ అధికారి ఎంత నిజాయితీపరుడైనా, ఓడినవాడు ఆ తీర్పును నమ్మడు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఈ నిబంధనలలో కొన్నింటిని నిలిపివేస్తూ, ఆస్తిహక్కును కార్యనిర్వాహక అధికారి నిర్ణయించడం అధికార విభజనకు సరిపడదన్నది. అయితే ఇవి మధ్యంతర ఉత్తర్వులు మాత్రమే. చట్టంలోని ఇతర మార్పులు అనేకం అమలులోనే ఉన్నవి.

కనుక మన కర్తవ్యం రెండు విధాలు. మసీదు, ఈద్గా, దర్గా, ఖబరస్తాన్ ఏదైనా సరే, గెజిట్ ప్రతులు, ఇనాం పత్రాలు, అడంగల్ నకళ్ళు ఇప్పుడే సేకరించి భద్రపరచాలి. కాగితం లేని హక్కు కచ్చేరీలో మూగబోతుంది. రెండవది, మనకు నచ్చిన పార్టీ గెలిస్తే వక్ఫ్ బోర్డు మనదనీ, ఓడితే ప్రభుత్వానిదనీ అనుకోవడం మానాలి. మన పక్షాన మాట్లాడే బోర్డుకన్నా, ఏ పక్షానికీ తలవంచని బోర్డు మనకు మేలు. ఆ మాటను మనవారు అధికారంలో ఉన్నప్పుడు కూడా అడగగలిగితేనే, ఇతరులు ఉన్నప్పుడు అడిగే నైతిక బలం మనకు ఉంటుంది.