వృద్ధుల శుశ్రూషాలయములు – మందులకు లొంగని క్రిములు



పరీక్షిన్మహారాజు ఒంటిస్తంభపు మేడకు ఎన్ని కాపలాలుంచినను తక్షకుడు పండులోని పురుగై లోనికి వచ్చెను. మందులకు లొంగని క్రిముల రాకయు నిట్టిదే. జ్వరమైనను లేని వృద్ధుని చర్మముపైనను, ముక్కుపుటములలోను దాగియుండి, పరిచారిక చేతులమీదుగా ప్రక్క మంచము చేరును.

అమెరికాలోని కాలిఫోర్నియాయందు, ఆరెంజి కౌంటీలో 2017 మొదలు 2019 వరకు 35 ఆసుపత్రులును, శుశ్రూషాలయములును ఏకమైనవి. శుశ్రూషాలయములలో మామూలు సబ్బునకు బదులు క్లోర్‌హెక్సిడిన్ అను క్రిమినాశినితో స్నానము చేయించి, ముక్కులలో అయొడిన్ మందు పూసిరి. క్రిమి యున్నవారు, లేనివారు అను భేదము పాటింపలేదు. కిటుకంతయు నిచ్చటనే యున్నది. అచ్చట నీ క్రిములను మోయువారు నూటికి 64 నుండి 50కి దిగిరి. లెక్కలు వ్రాయువానికి 14 స్వల్పముగ తోచవచ్చును. మంచమున పడిన ముదుసలికి కాదు.

మన యిండ్లలో పెద్దల పుండు కడుగువారు ముందును, పిదపను సబ్బుతో చేతులు తోముకొనవలెను. ఆ సబ్బు, చెంబు మంచము దగ్గరనే యుంచుడు, పెరటిలో కాదు.