పనిచోటికి తుపాకీ: చట్టం ఏమంటుంది, మనం ఏమడగాలి

(వాల్మీకిపురంలో మహిళా కార్యకర్తల చట్ట అవగాహన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల మీద హింస గురించి మాట్లాడుకునే ప్రతి సమావేశంలోనూ చివరికి ఒక ప్రశ్న వస్తుంది. "ఇన్ని చట్టాలున్నా మన ప్రాణానికి రక్షణ లేదు. మనమే సంచిలో ఒక పిస్తోలు పెట్టుకుని పనికి పోతే తప్పేమిటి?" అని. కొందరు నవ్వుతూ అడుగుతారు, కొందరు నిజంగానే అడుగుతారు. నవ్వుతూ అడిగినా సరే, ఆ ప్రశ్న వెనక భయం ఉంది. కాబట్టి దాన్ని కొట్టిపారేయకుండా సూటిగా జవాబు చెప్పుకుందాం.

జవాబు ఒక్క మాటలో ఇది. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం. ఇంట్లో ఉన్నా, ఆఫీసులో ఉన్నా, పొలంలో ఉన్నా నేరమే. దాచినా, చూపించినా నేరమే. ఆత్మరక్షణ కోసమే పెట్టుకున్నానని చెప్పినంత మాత్రాన ఆ నేరం పోదు. అయితే ఇక్కడితో ఆగితే మనం పోలీసుల మాట వల్లించినట్టే అవుతుంది. ఆ భయం ఎందుకొచ్చిందో, దానికి బాధ్యులెవరో కూడా చెప్పుకోవాలి.

మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే జరిగిన సంగతి మీకందరికీ తెలుసు. 2015 నవంబరు 17న చిత్తూరు నగర మేయరు కఠారి అనురాధను నగరపాలక సంస్థ కార్యాలయంలో, ఆమె గదిలోనే, కాల్చి చంపారు. భర్త మోహన్‌ను కత్తులతో పొడిచారు. ఆయన కూడా బతకలేదు. హంతకులు బురఖాలు వేసుకుని, ఆయుధాలు వాటి కింద దాచుకుని లోపలికి వచ్చారు. పదేళ్ళ తర్వాత, 2025 అక్టోబరులో, చిత్తూరు కోర్టు అయిదుగురికి మరణశిక్ష వేసింది. ప్రధాన దోషి బయటివాడు కాదు, మోహన్ మేనల్లుడే. ఇక 2019 నవంబరు 4న తెలంగాణలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె ఛాంబరులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు కూడా చనిపోయాడు. ఒకరు నగరానికి మేయరు, ఇంకొకరు మండలానికి మేజిస్ట్రేటు. వాళ్ళ గదులకే రక్షణ లేనప్పుడు, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తకు, తెల్లవారుజామున మదనపల్లె టమాటా మార్కెట్‌కు పోయే కూలీ తల్లికి, పొదుపు సంఘం డబ్బు చేతబట్టుకుని ఒంటరిగా నడిచే అమ్మాయికి భయం వేయడంలో వింతేముంది?

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. ఆయుధాల మీద అదుపు మన దేశంలో ప్రజల రక్షణ కోసం మొదలు కాలేదు. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం ఉద్దేశం మన ప్రజల చేతుల్లో ఆయుధం లేకుండా చేయడం. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని తీసేసి 1959లో కొత్త చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అమలవుతున్నది అదే. దాని 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ తుపాకీని గానీ తూటాలను గానీ సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, వెంట తీసుకుపోకూడదు. తుపాకీ లేకుండా ఒక్క తూటా సంచిలో దొరికినా కేసు కావచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు.

శిక్ష ఎంత? మామూలు పిస్తోలో, రివాల్వరో, నాటు తుపాకీయో లైసెన్సు లేకుండా దొరికితే 25వ సెక్షను కింద పూర్వం ఏడాది నుంచి మూడేళ్ళ వరకు జైలు ఉండేది. 2019లో సవరించి రెండేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. జరిమానా అదనం. సైన్యం, పోలీసులు వాడే నిషిద్ధ రకాలైతే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు. ఈ చట్టం కింద ప్రతి నేరానికీ పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఆత్మరక్షణ వాదం ఎంతవరకు నిలుస్తుందో సినిమా నటుడు సంజయ్ దత్ కేసు చెబుతుంది. 1993 బొంబాయి అల్లర్ల రోజుల్లో కుటుంబ రక్షణ కోసమే ఆయుధం పెట్టుకున్నామన్న వాదన ఆయనను కాపాడలేదు. 2013లో సుప్రీం కోర్టు అయిదేళ్ళ శిక్ష ఖాయం చేసింది. అంత పలుకుబడి ఉన్నవాడికే చెల్లని మాట మనకు చెల్లుతుందా?

"మా ఆయనకు లైసెన్సు ఉంది, ఆయన పిస్తోలే నేను పట్టుకుపోతాను" అంటే కుదరదు. లైసెన్సు మనిషికి ఇస్తారు, కుటుంబానికి కాదు. లైసెన్సుదారు ఎదుట గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ మరమ్మతుకో, లైసెన్సు రెన్యువలుకో, ఆయన వాడుకోవడానికో మోసుకుపోవచ్చు. అంతే. భార్య తన రక్షణకని తన ఆఫీసుకు తీసుకుపోవడం అందులోకి రాదు.

ఇక దాచి పెట్టుకోవడం అనే మాట. అమెరికాలో దీని మీద పెద్ద వివాదమే ఉంది. అక్కడ రాజ్యాంగమే ఆయుధం ధరించే హక్కు ఇచ్చింది. సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే బట్టల కింద పిస్తోలు పెట్టుకుని తిరగవచ్చు. 2022లో అక్కడి సుప్రీం కోర్టు ఆ హక్కును ఇంకా విస్తరించింది. మన దగ్గర అలాంటి ప్రాథమిక హక్కు లేదు. మన నియమాల పద్ధతే వేరు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా బహిరంగ ప్రదేశంలో పిస్తోలును ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉంచాలి, అది తమ అదుపులో ఉండాలి. బయటకు తీసి ఊపడం, గాలిలోకి కాల్చడం నిషేధం. అంటే మన చట్టం అడిగే ప్రశ్న దాచావా లేదా అని కాదు, లైసెన్సు ఉందా లేదా అని.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఎక్కడికైనా పోవచ్చునా? పోకూడదు. జాతరలకు, ఊరేగింపులకు, సభలకు, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకుపోకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. కాబట్టి టీచరుకు లైసెన్సు ఉన్నా బడికి తుపాకీ పట్టుకుపోరాదు. ఫ్యాక్టరీ, ఆసుపత్రి, ఆఫీసు యాజమాన్యాలు తమ ఆవరణలోకి ఆయుధం తేవద్దని నిబంధన పెట్టుకోవచ్చు.

అసలు లైసెన్సు ఎవరికి దొరుకుతుంది? ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, ఆయుధం వాడకంలో శిక్షణ పొందాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని 14వ సెక్షను చెబుతుంది. నిరాకరిస్తే కారణాలు రాయాలి, అప్పీలు చేసుకునే హక్కు ఉంది. కాగితం మీద పేదలకూ సమాన హక్కే. ధర చూడండి. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం "నిర్భీక్" అనే చిన్న రివాల్వరును స్త్రీల కోసమంటూ విడుదల చేసింది. ఢిల్లీ ఘటన తర్వాత దేశం నిర్భయ అని పిలుచుకున్న అమ్మాయిని తలపించేలా ఆ పేరు పెట్టారు. బరువు అర కిలో, ధర 1,22,360 రూపాయలు. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచరు గౌరవవేతనం 2019లో 11,500కు పెరిగింది. ఆ లెక్కన పది నెలలకు పైగా జీతం పోస్తే ఒక రివాల్వరు. స్త్రీల భయాన్ని సరుకుగా మార్చి అమ్మడం తప్ప ఇందులో రక్షణ ఏముంది? వీధి దీపం వేయాల్సిన, బస్సు నడపాల్సిన, ఫిర్యాదు రాసుకోవాల్సిన రాజ్యం, "నువ్వే కొనుక్కో" అని చేతులు దులుపుకుంటున్నట్టు లేదా?

తుపాకీ ఉంటే నిజంగా కాపాడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. చిత్తూరులో దాడి చేసినవాళ్ళు ముందే సిద్ధపడి, ముసుగుతో వచ్చారు. సంచిలోని తుపాకీ తీసే సమయం అలాంటి చోట ఎవరికుంటుంది? అమెరికాలో 11 నగరాల్లో చేసిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. హింసించే భర్తకో ప్రియుడికో తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని అందులో తేలింది. ఇంట్లోకి వచ్చిన తుపాకీ ఎవరి పేరున ఉందన్నది కాదు ముఖ్యం, కోపం వచ్చినప్పుడు ఎవరి చేతికి అందుతుందన్నది ముఖ్యం.

మన పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. అడవిపందుల బెడదకని, వేటకని కొన్ని ఇళ్ళలో నాటు తుపాకీ అటక మీద ఉంటుంది. పంట కాపలాకు లైసెన్సు తీసుకునే దారి చట్టంలోనే ఉన్నా తీసుకోరు. చట్టం 35వ సెక్షను ఏమంటుందో వినండి. పలువురు కలిసి ఉండే ఇంట్లో, ఆవరణలో ఆయుధం దొరికితే, అది అక్కడ ఉందని తెలుసునని నమ్మడానికి ఆధారమున్న ప్రతి ఒక్కరూ బాధ్యులే, తమకు సంబంధం లేదని రుజువు చేసుకోగలిగితే తప్ప. మగవాడు పారిపోతాడు, ఇంట్లో ఉన్న ఆడది పోలీసులకు దొరుకుతుంది. అందుకే దాన్ని బీరువాలో దాచిపెట్టమంటే దాచవద్దు. ఇదే సూత్రం పనిచోటుకూ వర్తిస్తుంది. పక్క బల్ల సొరుగులో తుపాకీ ఉందని తెలిస్తే, తగిన కారణం లేకుండా మౌనంగా ఉండకూడదు, పోలీసులకు తెలియజేయాలని 36వ సెక్షను చెబుతుంది.

అయితే ఒక సంగతి స్పష్టంగా గుర్తుపెట్టుకోండి. లైసెన్సు లేకపోవడం వేరు, ఆత్మరక్షణ హక్కు లేకపోవడం వేరు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆ హక్కును గుర్తించాయి. అత్యాచారానికి, యాసిడ్ దాడికి, ప్రాణం తీయడానికి వస్తున్నవాణ్ణి అడ్డుకునే క్రమంలో వాడు చచ్చినా, ఆ సమయానికి అవసరమైనంతే చేసి ఉంటే నేరం కాదు. రోకలి, కొడవలి, కారంపొడి, చేతికందినది ఏదైనా సరే. ఈ హక్కుకు లైసెన్సు అక్కర్లేదు.

మరి మనం చేయాల్సిందేమిటి?

బెదిరింపు వచ్చిన మొదటి రోజే రాసి ఇవ్వండి. ఏ స్టేషను పరిధి అన్నది చూడకుండా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు.

హింసించే భర్తకో, భూస్వామికో లైసెన్సు తుపాకీ ఉంటే, ప్రజా భద్రత దృష్ట్యా దాన్ని సస్పెండ్ చేయమని, రద్దు చేయమని 17వ సెక్షను కింద కలెక్టరుకు అర్జీ పెట్టండి. ఈ సెక్షను మన చేతిలో ఉన్న మంచి ఆయుధం. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ద్వారా అతను మీ పనిచోటికి రాకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు.

2013 లైంగిక వేధింపుల చట్టం 19వ సెక్షను ప్రకారం, పనిచోటికి వచ్చిపోయే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యాజమాన్యం బాధ్యత. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, ఇళ్ళలో పనిచేసే అక్కలకు జిల్లా స్థానిక కమిటీ ఉండాలి. అది నిజంగా పనిచేస్తోందా, సభ్యులెవరు అని మన సంఘాలు కలెక్టరేటుకు పోయి అడగాలి.

ఒకవేళ ఏ స్త్రీ మీదైనా ఆయుధాల కేసు పెడితే, ఆమెను సోదా చేయాల్సింది మహిళా పోలీసులే. పొద్దుగూకాక అరెస్టు చేయాలంటే మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. 3వ సెక్షను కింద కేసు నడపడానికి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉందో లేదో వకీలు చేత చూపించండి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కు.

పిస్తోలు కొనుక్కునే స్తోమత ఉన్న ఒక్కరి రక్షణ మనకు చాలదు. రాత్రి షిఫ్టు దిగిన ప్రతి స్త్రీకీ బండి, ప్రతి దారికీ దీపం, ప్రతి ఫిర్యాదుకూ రసీదు కావాలి. సంచిలో ఆయుధం దాచుకుని ఒంటరిగా భయపడడం కంటే, పదిమందిమి కలిసి ఆ కలెక్టరేటు మెట్లెక్కడమే మన దారి.