చేతికి ఎప్పుడొస్తుంది?

(స్వర్ణోత్సవ సభ రెండోరోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పెట్టుబడుల గురించి మాట్లాడమన్నారు. ఏ షేరు కొనాలో చెబుతానని వచ్చినవాళ్లుంటే, బయట టిఫిన్లు ఇంకా ఉన్నాయి, నేనేమీ అనుకోను. బ్యాంకులో 33 ఏళ్లు పనిచేశాను. అందులో సగం పైగా, జనం తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టులు చదివి అప్పు ఇవ్వొచ్చో లేదో రాయడంతోనే సరిపోయింది. ఆ పనికి పునాది ఈ బడిలోనే పడింది. చక్రవడ్డీ లెక్కల్లో మాస్టారు రోజూ అసలు ఇచ్చి మొత్తం కనుక్కోమనేవారు. ఓ రోజు తిప్పి అడిగారు: "మొత్తం నేనిస్తాను, అసలు ఎంతో చెప్పండిరా." క్లాసంతా బిక్కమొహం వేశాం. తర్వాత నేను జీతం తీసుకుని చేసిందంతా ఆ తిప్పిన లెక్కే. ఇది కొత్త విద్యేమీ కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలోనే వడ్డీ లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్ని మన పావులూరి మల్లన తెలుగు చేశాడు.

ఇంత తెలిసినవాణ్ణి మా ఇంట్లో ఏం చేశానో చెప్పాలి.

1993లో నాన్న ఎకరం పొలం అమ్మితే 2 లక్షలు వచ్చాయి. "పోస్టాఫీసులో వేద్దాంరా" అంది అమ్మ. అప్పట్లో కిసాన్ వికాస్ పత్రం కొంటే అయిదున్నరేళ్లకు సొమ్ము రెట్టింపయ్యేది. సరిగ్గా అప్పుడే మా దూరపు బావ ఒకాయన గుంటూరు దగ్గర మిర్చికి కోల్డ్ స్టోరేజీ కడుతూ వాటా ఇస్తానన్నాడు. "రెట్టింపు ఖాయం" అన్నాడు. నేను నాన్నకు సర్దిచెప్పి వాటా పెట్టించాను. ఎప్పటికి రెట్టింపు అని మాత్రం అడగలేదు. ఆఫీసులో ముక్కూమొహం తెలియనివాళ్లను అడిగే ప్రశ్న, బావని అడగడానికి మొహమాటపడ్డాను.

కరెంటు లైను రావడానికే రెండేళ్లు పట్టింది. తర్వాత మిర్చి ధర పడిపోయి గదులు సగం ఖాళీ. బావ మోసగాడు కాదు, మాట నిలబెట్టుకున్నాడు. 2002లో మా 2 లక్షలకు 4 లక్షలు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. ఇంట్లో స్వీట్లు పంచారు.

కానీ మా చెల్లెలి పెళ్లి 1998లో అయింది. అప్పుడు చేతిలో డబ్బు లేక రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం. నెలకు 3 వేలు, నాలుగేళ్లలో వడ్డీయే 1,44,000. అసలుతో కలిపి 2,94,000 తీర్చేసరికి, ఆ 4 లక్షల్లో మిగిలింది 1,06,000. అమ్మ చెప్పినట్టు పోస్టాఫీసులో వేసుంటే పెళ్లి ఏడాదికే 4 లక్షలు చేతికి వచ్చి ఉండేవి. స్వీట్లు పంచిన రోజు రాత్రి కాగితం మీద ఈ లెక్క వేసుకుని, దాన్ని ఎవరికీ చూపించకుండా చింపేశాను. ఇరవై ఏళ్ల తర్వాత ఇవాళ మీకు చెబుతున్నాను.

రెట్టింపు అన్నది రెండుచోట్లా నిజమే. తేడా అంతా తేదీలో ఉంది. ఈ సంగతి మన ఊళ్లలో చదువురాని ఆడవాళ్లకు బాగా తెలుసు. లక్ష రూపాయల చీటీని రెండో నెలలోనే 22 వేలు తగ్గించి పాడుకునే ఆవిడను వెర్రిదనకండి. ఇవాళ్టి 78 వేలతో ఏం చేయగలదో ఆవిడ లెక్క ఆవిడకుంది. ఆ లెక్క తప్పవచ్చు గానీ, అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

ఇప్పుడు మన సంఘం సంగతికి వస్తాను. ఉపకారవేతనాల నిధిలో ఉన్న 30 లక్షలతో, సంఘానికి ఉన్న రోడ్డువారగా ఉన్న స్థలంలో నాలుగు కొట్లు కడదామన్న ప్రతిపాదన ఉంది. కొట్టుకు నెలకు 6 వేల అద్దె, ఏడాదికి 2,88,000. "పదిన్నరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది, ఆపైన అంతా లాభమే" అని కాగితంలో రాశారు. రాసినవాళ్లు నా మిత్రులే, రాత్రి భోజనాల దగ్గర నాతో వాదించారు కూడా.

బ్యాంకులో ఈ 30 లక్షలకు 7 శాతం వస్తుందనుకోండి. అప్పుడు వచ్చే ఏడాది అందే 107 రూపాయలు ఈ రోజు 100కు సమానం. ఇలా ఏడాదికోసారి 1.07తో భాగిస్తూ పోతే, మొదటి ఏడాది అద్దె ఇవాళ్టి విలువలో 2,69,000. ఇరవయ్యో ఏట వచ్చే అదే 2,88,000 ఇవాళ్టి విలువలో 74 వేలే. ఇరవయ్యేళ్ల అద్దెలూ కూడితే 30.5 లక్షలు. పెట్టింది 30. అంటే నష్టం లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు. కట్టుబడి ఏడాది ఆలస్యమై, ఏటా ఒక నెల కొట్లు ఖాళీగా ఉంటే అది 26 లక్షలకు దిగుతుంది. బ్యాంకు డిపాజిట్ కంటే కొట్లలో ప్రమాదం ఎక్కువ కదా అని 10 శాతం ఆశిస్తే, ఏ ఆలస్యమూ లేకపోయినా 24.5 లక్షలే.

అలాగని నేను కొట్లకు వ్యతిరేకిని కాను. అద్దె ఏటా 5 శాతం పెరిగేలా ఒప్పందం రాయించుకోగలిగితే, 7 శాతం లెక్కన అదే ఇవాళ్టి విలువ 45 లక్షలు దాటుతుంది. ఏడాది ఆలస్యం, నెల ఖాళీ రెండూ కలిపినా 38 లక్షల పైనే. కాబట్టి మనం తేల్చుకోవాల్సింది సిమెంటు ధర కన్నా ముందు ఆ అద్దె ఒప్పందం. మన ఊరి కొట్లవాళ్లు ఏటా 5 శాతం ఒప్పుకుంటారా? మన బ్యాచ్‌లవాళ్లే నలుగురు బజార్లో వ్యాపారంలో ఉన్నారు, వాళ్లను అడగాలి. వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

మరమ్మతులు, పన్ను నేను లెక్కలో కలపలేదు. ఇరవయ్యేళ్ల తర్వాత కట్టడానికి మిగిలే విలువా కలపలేదు. రెండూ ఒకదానికొకటి సరిపోతాయని నా అంచనా, కాదనేవాళ్లు వేరుగా వేసుకోవచ్చు. ఈ లెక్కలన్నీ ఒకే కాగితం మీద రాసి, వంద కాపీలు జిరాక్సు తీయించి తెచ్చాను. గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురండి, వెనకవైపు తెల్లగానే ఉంది. మాస్టారూ, మీరొకసారి దిద్ది ఇస్తే ఎక్కడైనా తప్పు పోయి ఉంటే తెలుస్తుంది. మీ చేతి ఎర్ర సిరా చూసి చాలాకాలమైంది.