అవెన్‌లో మూకుళ్ళు



ఈ వేదిక మీదకి నన్ను పిలిచిన మిత్రులు ఒకే ఒక షరతు పెట్టారు. "సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం మాట్లాడకు, ఇంకేదైనా సరే" అన్నారు. అందుకని బిస్కెట్ల గురించి మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇళ్ళలో అవెన్ తలుపు తీస్తే మూకుళ్ళు, పెనాలు, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన గాజు గిన్నెలు కనిపిస్తాయి? చేతులెత్తండి, మొహమాటం లేదు. సగం సభ పైనే ఉన్నట్టుంది. మా ఇంట్లోనూ చాలా ఏళ్ళు అంతే. చలికాలం వస్తే మూకుళ్ళు తీసి పక్కన పెట్టి, అవెన్ లైటు వేసి, లోపల ఇడ్లీ పిండి పెట్టేవాళ్ళం. మిషిగన్ చలిలో పిండి పొంగాలంటే అదే మార్గం. అంత డబ్బు పోసి కొన్న యంత్రానికి మేమిచ్చిన ఉద్యోగం అదొక్కటే.

2023 జనవరిలో నా ఉద్యోగం పోయింది. ఆ నెలలో ఎన్ని ఇళ్ళల్లో ఆ కబురు విన్నామో మీకు తెలుసు, ఈ హాల్లోనే నాలాంటివాళ్ళు ఉండి ఉంటారు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి హెచ్-1 వీసా వాళ్ళకుండే 60 రోజుల గడువు నా నెత్తిన లేదు. అది అదృష్టమే. కానీ పొద్దున్న పిల్లలు బస్సెక్కి, మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో ఒక నిశ్శబ్దం ఉంటుంది చూడండి, దానికి గ్రీన్ కార్డు పనిచెయ్యదు. రెజ్యూమెలు పంపగా మిగిలిన టైములో ఒకరోజు అవెన్‌లోని మూకుళ్ళన్నీ బేస్‌మెంట్‌లోకి చేరవేశాను. ఉస్మానియా బిస్కెట్లు చేద్దామనిపించింది.

ఉస్మానియానే ఎందుకంటే, నేను ఇంజనీరింగు చదివింది హైదరాబాదులో. ఇరానీ హోటల్లో చాయ్ పక్కన సాసర్లో రెండు బిస్కెట్లు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తున్న బిస్కెట్టయినా, ఆఫీసరుకీ ఆటో డ్రైవరుకీ ఒకే బల్ల మీద దొరికేది. నాలిక మీద ముందు తీపి, వెనకాలే ఉప్పు. చాయ్‌లో ముంచితే రెండు సెకన్లు ఆగుతుంది. మూడో సెకనుకి కప్పు అడుగున వెతుక్కోవాలి.

లెక్క చాలా తేలిక. పంచదార ఒక పాలు, వెన్న రెండు పాళ్ళు, మైదా మూడు పాళ్ళు. అంటే 100 గ్రాముల పంచదార పొడి, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా. స్కాట్లండు వాళ్ళ షార్ట్‌బ్రెడ్ లెక్క కూడా ఇదే. అందులో మైదా కొంచెం తగ్గించి ఆ చోట రెండేసి చెంచాల కస్టర్డ్ పొడి, పాలపొడి వేసి, అర చెంచా ఉప్పు, ఏలకుల పొడి, కాసిని వేడి పాలలో నానిన కుంకుమపువ్వు చేరిస్తే స్కాట్లండు నుంచి హైదరాబాదు వచ్చేస్తాం. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 12 నుంచి 15 నిమిషాలు. గుడ్డు అక్కర్లేదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకీ పేచీ ఉండదు. కప్పులతో మాత్రం కొలవకండి. అదే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి పోస్తే 150. ఒక చిన్న త్రాసు కొనుక్కోండి.

పెట్టే ముందు పైన పాలు రాస్తే మంచి రంగు వస్తుంది. పిండివంటకి ఆ ఎరుపూ ఆ వాసనా తెచ్చే రసాయన చర్యని 1912లో లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వర్ణించాడు. చక్కెరలూ, ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి చేసే పని అది. దోసె అంచు ఎర్రబడేదీ, పాలకోవా రంగు తిరిగేదీ అందువల్లే.

ఇంత వెన్న ఎందుకన్న సంగతి నాకు చెప్పింది మాత్రం శాస్త్రవేత్త కాదు. మా వెనక వీధిలో ఒక మాస్టారున్నారు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక కొడుకు దగ్గరకి వచ్చేశారు. కొడుకూ కోడలూ ఆఫీసులకి, మనవలు బడికి. ఆయనకి కారు నడపటం రాదు. నడిచి వెళ్దామంటే బయట మంచు. ఇలాంటి పెద్దవాళ్ళు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క పెట్టరు. పండగ పార్టీల్లో సోఫా చివర కూర్చుని అందరికీ నమస్కారం పెడతారు, అంతే.

మొదటి వాయిలో ఆరు బిస్కెట్లు స్టీలు డబ్బాలో పెట్టి ఆయనకిచ్చాను. "థాంక్సండీ" అని తలుపు వేసేశారు. రెండో వారం తలుపు తీస్తూనే, "ఏమోయ్, ఉప్పు చాలలేదు" అన్నారు. మూడో వారం లోపలికి పిలిచి కూర్చోపెట్టారు. అప్పుడు చెప్పారు. "మా ఆవిడ కజ్జికాయల పిండిలో వేడి నెయ్యి పోసి బాగా కలిపి, గుప్పెట బిగించి చూసేది. ముద్ద నిలబడితే నెయ్యి సరిపోయినట్టు. అప్పుడే గుల్లగా వస్తాయనేది. నీళ్ళు ఆ తరవాతే."

బేకింగు పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసేది ఇదే. మైదాకి నీళ్ళు తగిలితే అందులోని ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని సాగే వలలా అల్లుకుంటాయి. దాన్నే గ్లూటెన్ అంటారు. రొట్టెకి అది కావాలి, బిస్కెట్‌కి వద్దు. ముందుగా వెన్న ప్రతి రేణువుకీ పట్టేస్తే వల అల్లుకోవటం కుదరదు, నోట్లో వేసుకుంటే పొడిపొడిగా కరిగిపోతుంది. ఆవిడ గ్లూటెన్ పేరు విని ఉండదు. గుప్పెట చాలింది.

మనకి బేకింగ్ రాదు అనేవాళ్ళకి ఇక్కడో మాట. తాపేశ్వరం మడతకాజా ఎలా చేస్తారో చూడండి. పల్చటి పిండి పొరకి నెయ్యి రాసి చుట్టి, ముక్కలు కోసి, ఒత్తి వేయిస్తారు. ఫ్రెంచి వాళ్ళ పఫ్ పేస్ట్రీలోనూ కీలకం అదే, పొరకీ పొరకీ మధ్య కొవ్వు. వాళ్ళు అవెన్‌లో పెట్టారు, మనం మూకుట్లో వేశాం.

ఆ సాయంత్రం మాస్టారి అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్న మా అమ్మ గురించి మాట్లాడారా? వచ్చి ఎనిమిది నెలలైంది అన్నయ్యా, నా దగ్గర ఒక్క మాటా ఎత్తలేదు" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. కజ్జికాయల సంగతి చెప్పాను. అటు నుంచి చాలాసేపు మాట లేదు. తరవాతి ఆదివారం తండ్రీకొడుకులిద్దరూ కజ్జికాయలు చేశారట. ఎలా వచ్చాయని నేనడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నా డబ్బా మాత్రం నాలుగు కజ్జికాయలతో తిరిగొచ్చింది.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మన ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉండేది కదా. ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి పంపేవాళ్ళు. ఇక్కడ మనం అల్యూమినియం ట్రేలకి అలవాటు పడ్డాం. శనివారం నలభై మందికి కేటరింగు, ఆదివారం ట్రేలు చెత్తలోకి. తిరిగి ఇవ్వాల్సిన గిన్నే లేనప్పుడు మళ్ళీ తలుపు తట్టే పనేముంది? నన్నడిగితే శనివారం ట్రే బిర్యానీ కంటే బుధవారం ఆరు బిస్కెట్లు నయం. ఉద్యోగం లేనివాడు ఊరికే ఒకరింటికి వెళితే ఇద్దరికీ ఇబ్బందే. ఏమడుగుతాడో అని వాళ్ళకి, ఏమడుగుతారో అని మనకి. చేతిలో డబ్బా ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. మా పక్కింటి అమెరికన్ పెద్దావిడకి ఈ పట్టింపు ఎవరూ చెప్పలేదు. అయినా జులైలో నా డబ్బా నిండా వాళ్ళ పెరటి టొమేటోలు వేసి తెచ్చిచ్చింది.

ఐదు నెలలకి ఉద్యోగం దొరికింది. బుధవారం బిస్కెట్లు ఆగలేదు. మాస్టారు ఇప్పటికీ ఉప్పు దగ్గర పేచీ పెడుతూనే ఉన్నారు. మూకుళ్ళు ఇంకా బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి, మా ఆవిడకి ఆ విషయం మీద వేరే అభిప్రాయం ఉంది.

వెనక బల్ల మీద ఎనిమిది స్టీలు డబ్బాలు పెట్టాను. బాదం, జీడిపప్పు వెయ్యలేదు. పాలు పడనివాళ్ళు మాత్రం తినకండి. డబ్బాల మూతల మీద మా ఇంటిపేరు రాసి ఉంది. రేపు సాయంత్రం బయల్దేరతాం, ఆలోగా తెచ్చిస్తే చాలు. ఎలా తెచ్చివ్వాలో మీకు చెప్పక్కర్లేదు.