అట్లాంటికునకు ఇరువైపుల నృత్యసంగీతము

అమెరికాలో నృత్యశాలలకు పోవువారు పాటను కోరుదురనియు, యూరపులో పోవువారు లయను కోరుదురనియు ఒక అభిప్రాయము చాలకాలముగా వ్యాప్తిలో నున్నది. అమెరికా శ్రోతకు కంఠస్వరము, తెలిసిన పల్లవి, త్వరగా వచ్చు ఉద్రేకము కావలెనట. యూరపు శ్రోత మాటలే లేని సంగీతమునకు, ఒకే లయపై, గంటల తరబడి ఆడగలడట. ఈ అభిప్రాయములో కొంత నిజము లేకపోలేదు. కాని ఆ నిజము వెనుక ఒక విచిత్రమున్నది. యూరపువారు తమదిగా ఆదరించు ఈ సంగీతము చాలవరకు అమెరికాలో పుట్టినది. పుట్టినచోట ఆదరణ చాలక సముద్రము దాటిపోయి, అచ్చట పెరిగి పెద్దదై, సుమారు పాతికేండ్ల తరువాత క్రొత్త చుట్టమువలె స్వదేశమునకు తిరిగివచ్చినది. ఈ ప్రయాణమెట్లు జరిగినదో, రెండు ఖండముల అభిరుచులు ఎందువలన వేరుపడినవో ఈ ప్రసంగములో విచారింతము.

ముందుగా ఈ సంగీత స్వరూపమును గూర్చి రెండు మాటలు. ఇందు నాలుగు దెబ్బలు ఒకే బరువుతో, ఒకే ఎడముతో పడుచుండును. హౌస్ అను శాఖలో నిమిషమునకు 120 మొదలు 130 వరకు దెబ్బలుండును. టెక్నో అను శాఖ తరచుగా అంతకంటె వడిగా నడుచును. డి.జె. యనబడు వ్యక్తి రెండు రికార్డులను ప్రక్క ప్రక్కన త్రిప్పుచు, ఒకదాని చివర మరియొకదాని మొదలును లయ తెగకుండ అతుకును. కనుక ఇచ్చట వినవలసినది ఒక్కొక్క పాట కాదు, రాత్రి యంతయును. కచేరీలో కృతుల నడుమ విరామము లేక, కచేరీ మొత్తము ఒకే కృతియైనచో ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

1970 తరువాత న్యూయార్కులో డిస్కో సంగీతము ప్రబలినది. దానిని పెంచినవారిలో నల్లజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు, స్వలింగ ప్రేమికులైన పురుషులు ముఖ్యులు. వారికి బయటి లోకమున దొరకు గౌరవము అంతంత మాత్రము. నృత్యశాల వారికి వినోదస్థలమే కాక తలదాచుకొను చోటుగా కూడ ఉండెను. 1977లో ఫ్రాంకీ నకుల్స్ అను న్యూయార్కు యువకుడు చికాగోలో క్రొత్తగా తెరచిన వేర్‌హౌస్ అను క్లబ్బున సంగీతము వినిపించుటకు వచ్చెను. అతడు వినిపించిన బాణికి ఆ క్లబ్బు పేరులోని చివరి మాటయే నిలిచి హౌస్ అను పేరు వచ్చినది.

అదే నగరమున 1979 జూలై 12వ తేదీన ఒక వింత జరిగినది. ఒక రేడియో వ్యాఖ్యాత ప్రోద్బలముతో, కామిస్కీ పార్కు అను బేస్‌బాల్ మైదానమున, ప్రేక్షకులు తెచ్చిన డిస్కో రికార్డులను ప్రోగుచేసి ప్రేల్చివేసిరి. వేలకొలది జనము మైదానములోనికి దుమికిరి. ఆనాటి రెండవ ఆట జరుగనే లేదు. ఆ రాత్రి అచ్చట ప్రేక్షకులకు స్థానములు చూపు పనిలో నున్న విన్స్ లారెన్స్ అను నల్లజాతి కుర్రవాడు, జనము తెచ్చిన రికార్డులలో డిస్కో కానివి, కేవలము నల్లజాతి గాయకులవి యనేకముండెనని తరువాత చెప్పెను. అయిదేండ్లు గడచిన పిమ్మట, 1984లో, జెస్సీ సాండర్స్‌తో కలసి అతడు కూర్చిన ‘ఆన్ అండ్ ఆన్’ మొదటి హౌస్ రికార్డులలో ఒకటిగా నేడు లెక్కింపబడుచున్నది. కాల్చిన బూడిదలో నుండియే క్రొత్త మొలక పుట్టినదన్నమాట. ఈ కుర్రవారికి వాద్యబృందములను పోషించు స్తోమత లేదు. అమ్ముడుపోక చౌకగా దొరకిన జపాను తాళయంత్రములతో వారు తమ సంగీతమును నిర్మించుకొనిరి.

డెట్రాయిట్ నగరము కథ వేరు. మోటారుకార్ల పరిశ్రమ క్షీణించుచున్న ఆ నగరమున ఎలెక్ట్రిఫైయింగ్ మోజో అను మారుపేరుగల రేడియో ప్రసారకుడొకడు జాతి భేదము, శాఖా భేదము పాటింపక రాత్రివేళ తనకు నచ్చిన రికార్డులన్నియు వేయుచుండెను. జర్మనీలోని డుస్సెల్‌డార్ఫ్‌నకు చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందపు యంత్రసంగీతమును డెట్రాయిట్ యువకులు ఆ ప్రసారములలో వినిరి. వారిలో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను ముగ్గురు మిత్రులు కలసి టెక్నోకు పునాది వేసిరి. కావున ఈ సంగీతము మొదటినుండియు కేవలము అమెరికాది కాదు, కేవలము యూరపుది కాదు. రెండు ఒడ్డుల నడుమ రాకపోకల వలన పుట్టినది. రేడియో వృత్తిలో నున్న మాకు ఈ సంగతి ప్రత్యేకముగా తోచును. ఒక నగరమున రికార్డులు ప్రేలుటకు కారకుడు రేడియో వ్యాఖ్యాత. మరియొక నగరమున క్రొత్త సంగీతమునకు విత్తనము చల్లినవాడును రేడియో ప్రసారకుడే.

ఇక సముద్రమునకు ఆవలి వైపు చూతము. ఉత్తర ఇంగ్లండులోని కార్మిక నగరములలో యువజనులు 1970 తరువాత, అమెరికాలో ఎవ్వరును కొనని పాత నల్లజాతి రికార్డులను వెదకి తెప్పించుకొని, రాత్రి తెల్లవార్లు ఆడుచుండిరి. 1973 నుండి 1981 వరకు నడచిన విగన్ క్యాసినో ఈ ఆటకు పేరెన్నిక గన్న స్థలము. అందుచేత చికాగో రికార్డులు దిగుమతి యగునప్పటికి వానిని ఆదరించు చెవులు అచ్చట సిద్ధముగా నుండెను. స్టీవ్ హర్లీ అను చికాగో యువకుని ‘జాక్ యువర్ బాడీ’ మాటలు దాదాపు లేని రికార్డు. అది 1987 జనవరిలో బ్రిటనులో అమ్మకములందు ప్రథమ స్థానము నందుకొనినది. 1988లో డెట్రాయిట్ సంగీతమును సంపుటిగా వెలువరించి టెక్నో అను పేరును లోకమున స్థిరపరచినది కూడ బ్రిటనే. ఆ సంపుటమును కూర్చిన నీల్ రష్టన్ పాత నల్లజాతి రికార్డుల అభిమానులలో ఒకడగుట యాదృచ్ఛికము కాదు.

బెర్లినులో చరిత్రయే తోడ్పడినది. 1989 నవంబరు 9న గోడ తెరచుకొనినది. తూర్పు భాగమున యజమానులెవ్వరో తెలియని కట్టడములు, మూతపడిన కర్మాగారములు ఎన్నో ఖాళీగా నుండెను. 1991లో ఒక పాత డిపార్టుమెంటు స్టోరు నేలమాళిగలోని ఖజానా గదులలో ట్రెసార్ అను క్లబ్బు వెలసినది. ట్రెసార్ అనగా జర్మను భాషలో ఖజానా యనియే అర్థము. తూర్పు యువకులు, పశ్చిమ యువకులు మొదటిసారి భుజము భుజము రాసుకొని ఆడిన స్థలములలో అది యొకటి. ఒకే భాష మాట్లాడుచున్నను నలువది యేండ్లు వేరువేరు లోకములలో బ్రదికినవారికి మాటలు లేని సంగీతము అనుకూలించుటలో ఆశ్చర్యము లేదు. డెట్రాయిట్ నుండి జెఫ్ మిల్స్ మున్నగువారిని రప్పించి, వారి రికార్డులను ఆ క్లబ్బే వెలువరించినది.

అమెరికాలో ఇదే కాలమున ఏమి జరిగినది? డిస్కో అపహాస్యము పాలైనది గనుక రేడియో స్టేషనులు చాలవరకు దానికి దగ్గరగా తోచు సంగీతమును కూడ దూరముగా నుంచినవి. యువతరమును హిప్‌హాప్ ఆకర్షించినది. అది మాటల బలముపై నిలుచు సంగీతము. దాని లయ హౌస్ కంటె నెమ్మది. దీనికి తోడు చట్టము. 1984లో వచ్చిన శాసనము వలన మద్యము కొనుటకు ఇరువది యొకటవ యేడు నిండవలెనను నియమము క్రమముగా దేశమంతట అమలైనది. యూరపులో పదునెనిమిదేండ్లవారు, కొన్ని దేశములలో ఇంకను చిన్నవారు, ఆ వయస్సుకే నృత్యశాలకు అలవాటుపడుదురు. కాలిఫోర్నియాలో రాత్రి రెండు గంటలకు మద్యవిక్రయము ఆగిపోవలెను. బెర్లినులో మూసివేత గడువు పశ్చిమ భాగమున 1949లోనే ఎత్తివేయబడినది. శనివారము రాత్రి తెరచిన క్లబ్బు సోమవారము ఉదయము వరకు సాగుట కద్దు.

అభిరుచికిని గడియారమునకును గల సంబంధము ఇచ్చట స్పష్టమగుచున్నది. రెండు గంటలకు దీపములు వెలుగునని తెలిసిన జనము పదకొండింటికే పతాకస్థాయిని కోరును. ఎనిమిది గంటలు ముందున్నవని తెలిసిన జనము తొందరపడదు. దెబ్బ వెనుక దెబ్బ మీద ఒక చిన్న గజ్జెల చప్పుడు చేరినను గమనించి సంతోషించును. రాత్రంతయు సాగు నాటకమును చూచినవానికి ఆలస్యము ఆలస్యముగా తోచదు గదా! అమెరికాలో ప్రాచుర్యము పొందిన బాణిలో లయ క్రమముగా బిగిసి, ఒక్క క్షణము నిశ్శబ్దమై, పిమ్మట ఒక్కుమ్మడి విరుచుకొనిపడును. దానిని డ్రాప్ అందురు. జనమంతయు వేదిక వైపు తిరిగి, చేతులెత్తి, ఆ క్షణమునకై వేచియుండును. అది కచేరీకి పోయినవారి అలవాటు. బెర్లినులోని పెక్కు క్లబ్బులలో డి.జె. ఒక మూలనుండును, ఫోనులకు గల కెమెరాలపై ద్వారమువద్దనే చిన్న కాగితము అంటింతురు. అచ్చట చూడవలసిన దృశ్యమేదియు లేదు.

డబ్‌స్టెప్ అను శాఖ కథ ఇందుకు మంచి నిదర్శనము. 2000 తరువాత దక్షిణ లండనులో చిన్న చీకటిగదులలో అది పుట్టినది. దాని ప్రాణమంతయు అతి మంద్రధ్వనిలో నుండెను. పెద్ద స్పీకరుల ఎదుట నిలిచినవారికి అది చెవులకంటె ముందు ఛాతీకి వినబడును. 2010 ప్రాంతమున అది అమెరికాలో విస్తరించినప్పుడు దాని స్వరూపము మారినది. విశాలమైన మైదానములలోను, చిన్న కంప్యూటరులలోను గూడ తెలియునట్లు మంద్రము తగ్గి, గర్జనవంటి మధ్యస్థాయి ధ్వనులు హెచ్చినవి. ఆ బాణిలో పేరు పొందిన స్క్రిలెక్స్ 2012లో మూడు గ్రామీ బహుమతులు గెలిచెను. లండనులోని పాత అభిమానులు కొందరు దీనిని అపభ్రంశమనిరి. కాని గది మారినప్పుడు సంగీతము మారుట సహజమే.

అమెరికా పునరాగమనము ఇట్టి మైదానములలోనే జరిగినది. ఫ్రాన్సుకు చెందిన డేవిడ్ గెట్టా 2009లో అమెరికా బృందమొకదానికి కూర్చిన పాట ఆ దేశమున వారముల తరబడి ప్రథమ స్థానమున నిలిచినది. లాస్ ఏంజిలిస్‌లో జరుగుచుండిన ఎలెక్ట్రిక్ డైసీ కార్నివాల్ అను ఉత్సవము 2011లో లాస్ వేగాస్‌కు తరలినది. మద్యమునకు రాత్రి గడువు లేని ఆ నగరమున హాలండు, స్వీడను, స్కాట్లండు దేశముల డి.జె.లకు పట్టము కట్టిరి. ఇది యూరపు నుండి వచ్చిన క్రొత్త సంగీతమని అమెరికా యువకులు అనేకులు నమ్మిరి. పెరటిచెట్టు మందునకు పనికిరాదని మన సామెత. ఆ చెట్టు వేరునే పొరుగువాడు నూరి ఇచ్చినపుడు అది దివ్యౌషధమైనది.

అయినను రెండు ఖండములను రెండు గీతలుగా గీయుట పొరపాటు. రాటర్‌డామ్‌లో పుట్టిన అతివేగ సంగీతమునకును, ఇటలీవారి మధురమైన పియానో పలుకులకును సామ్యము తక్కువ. బ్రిటను 1994లో చేసిన చట్టము మరల మరల వచ్చు దెబ్బలుగల సంగీతమును ప్రత్యేకముగా పేర్కొని, ఆరుబయట రాత్రి గుమిగూడుటను అరికట్టుటకు పోలీసులకు అధికారమిచ్చినది. యూరపు అంతయు ఉదారమని చెప్పుటకు వీలు లేదు. అట్లే 2000 సంవత్సరమున డెట్రాయిట్‌లో ఉచిత టెక్నో ఉత్సవము ఆరంభమైనది. చికాగో, న్యూయార్కులలో హౌస్ సంగీతమును విడువని కుటుంబములు, పరిసరములు ఎన్నడును లేకపోలేదు. వారి అభిరుచి ‘అమెరికా అభిరుచి’ అను మాటలో చేరకపోవుటయే శోచనీయము.

ఇందు రుచిభేదముతో పాటు ఋణము లెక్కయు ఉన్నది. 2024లో బెర్లిను టెక్నో సంస్కృతిని జర్మనీ తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చుకొనినది. అది న్యాయమే, పెంచినవారికి హక్కు గలదు. కాని కన్నవారి పేరు ప్రక్కన లేనిచో ఆ గౌరవము సగమే యగును. చికాగో నగరము 2004లో ఒక వీధికి ఫ్రాంకీ నకుల్స్ పేరు పెట్టినది. అతడు 2014లో మరణించెను. వేర్‌హౌస్ నడచిన కట్టడమును నగరము రక్షిత చిహ్నముగా ప్రకటించినది 2023లో మాత్రమే.

జాతికొక చెవి యుండునని మేము భావింపము. చెవికి ఏది, ఎంతసేపు, ఎట్టి గదిలో వినవచ్చినదో దానినిబట్టి అభిరుచి ఏర్పడుచున్నది. ఒక ప్రసారకుడు నల్లజాతి యువకులకు జర్మను సంగీతము వినిపించెను, వేరొకడు వినిపింపరాదనెను. రికార్డును చేతబట్టుకొని మైకు ముందు కూర్చుండు మావంటివారందరు జ్ఞాపకముంచుకొనవలసిన విషయమిది. విని కాదనుటకు శ్రోతకు సర్వాధికారము కలదు. వినకముందే అతని పక్షమున కాదనుటకు మాత్రము మాకు అధికారము లేదు.