ఏరువాక పున్నమినాటి వీరులు

(సంస్మరణ సభయందు మేము గావించిన ఉపన్యాసము)



మరణించిన వీరుని ప్రశంసించుట సులభము. ఆతడు మనకు విడిచిపోయిన పనిని జ్ఞప్తియందుంచుకొనుట కష్టము. నేడు మేము మేజరు పద్మపాణి ఆచార్యను గూర్చియు, ఆతనితోగూడ ఒక్క పోరునందే నేలకొరిగిన మరి యిరువురు యువకులను గూర్చియు ముచ్చటింప దలచితిమి. వారి పరాక్రమము లోకవిదితము. వారు మనకు అప్పగించిపోయినదేమో విచారించుటయే మా ముఖ్యోద్దేశము.

పద్మపాణి 1969 జూన్ 21వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. వారి కుటుంబము ఒరిస్సా దేశమునకు చెందినది. తండ్రి వాయుసేనయందు వింగ్ కమాండరుగా పనిచేసినవారు. పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, మద్రాసునందలి సైనికాధికారుల శిక్షణాలయమున తరిఫీదు పొంది, 1994లో సైన్యమున ప్రవేశించెను. రాజపుతానా రైఫిల్స్ రెండవ పటాలము ఆతని పటాలము. ఆతని మాతృభాష వేరైనను, పుట్టినగడ్డ మనది. ఆతడు మనవాడని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. హక్కుతోపాటు ఋణమును కలదు.

1999లో పాకిస్తాను సైనికులు నియంత్రణరేఖను దాటి, శీతకాలమున మనవారు విడిచివచ్చిన కొండకొమ్ములను రహస్యముగా ఆక్రమించిరి. శ్రీనగరమునుండి లేహ్ పట్టణమునకు పోవు మార్గము ఆ కొమ్ముల క్రిందుగా సాగుచున్నది. పైన కూర్చున్నవాడు బండ్ల రాకపోకలను కన్నులార చూచి, ఫిరంగిగుండ్లను వానిపై పడవేయింపగలడు. ఆ మార్గము తెగినచో లడఖ్ ప్రాంతమునందలి సైన్యమునకు తిండియు మందుగుండును చేరుట దుస్తరము. కావున ఒక్కొక్క కొమ్మును క్రిందినుండి ఎగబ్రాకి, గుండ్లకు రొమ్మొడ్డి, మరల గైకొనవలసి వచ్చెను. ద్రాస్ చెంతనున్న తోలోలింగ్ శిఖరమును జూన్ 13వ తేదీన సాధించినది ఈ రెండవ పటాలమే. అటుపిమ్మట దానికి లోన్‌హిల్ ప్రాంతమును పట్టు భారము పడెను.

ఆ పోరునకు ముందు, జూన్ 19వ తేదీన, పద్మపాణి తండ్రికొక జాబు వ్రాసెను. యుద్ధమున ప్రాణనష్టము తప్పదనియు, అందులకు చింతింపవలదనియు, దేశముకొరకు పోరాడు అవకాశము జీవితమున ఒక్కమారు లభించు గౌరవమనియు అందు వ్రాసెను. అప్పుడాతని భార్య గర్భవతి. తన బిడ్డకు సద్గుణములు అలవడునట్లు ఆమెకు దినమునకొక భారతకథ చెప్పుచుండుడని తండ్రిని వేడుకొనెను.

సోదరులారా! భారతకథలు వినిపింపుడను మాట చదివినప్పుడు మనకు తోచునదేమి? తల్లి గర్భమునందే పద్మవ్యూహ రహస్యమును వినిన అభిమన్యుని కథ మన యిండ్లలో ప్రతి ముసలమ్మయు చెప్పునదే కదా! ఆ అభిమన్యుడు యౌవనముననే రణమున కూలెను. ఆతని కుమారుడు పరీక్షిత్తు తండ్రి మరణానంతరమున పుట్టెను. ఈ జాబు వ్రాసిన యువకునికి ఆ సంగతి తెలియకుండునా? తెలిసియే భయమును గూర్చి ఒక్క యక్షరమును వ్రాయక, బిడ్డ పెంపకమును గూర్చి వ్రాసెను.

జూన్ 21వ తేదీతో ఆతనికి ముప్పదియేండ్లు నిండెను. వారము గడచినది. జూన్ 28వ తేదీ రాత్రి నిజజ్యేష్ఠ పౌర్ణమి. మన రైతులు అరకలు పూజించి దుక్కికి కడగు ఏరువాక పున్నమి. మన పల్లెలకు పండుగయైన ఆ వెన్నెల, నిట్రాతిపై ప్రాకువారిని శత్రువునకు పట్టియిచ్చునది. మార్గమంతయు మందుపాతరలు, పైనుండి మరతుపాకుల వాన. ముందు నడచిన దళము సాగలేక నిలిచిపోగా, పద్మపాణి వెనుక నిలిపియుంచిన దళమును తానే నడిపించుకొని పోయెను. గుండ్లను లక్ష్యపెట్టక శత్రువు బంకరు కడకు ప్రాకి చేబాంబులు విసరెను. తీవ్రముగా గాయపడి కదలలేని స్థితియందు, తన్ను విడిచి ముందునకు సాగుడని తనవారిని ఆజ్ఞాపించి, తాను పడియున్నచోటనుండియే కాల్పులు సాగించెను. స్థావరము మనవశమైనది, ఆతని ప్రాణము నిలువలేదు. మహావీరచక్రము మరణానంతరమున ఆతనికి లభించెను.

ఆ పోరునందే కెప్టెన్ నైకెఝాకువో కెంగురూసె మరణించెను. ఆతడు నాగాలాండునందు కొహిమా చెంతనున్న నెర్హేమా గ్రామవాసి, ఇరువదియైదేండ్లు నిండనివాడు. ఆ గడ్డకట్టు చలియందు, బండపై పట్టు చిక్కుటకై జోళ్లు విడిచి, వట్టి కాళ్లతో ఎగబ్రాకెను. ఆతనికిని మహావీరచక్రమే. కెప్టెన్ విజయంత్ థాపర్ వయస్సు ఇరువదిరెండు. సైన్యమున చేరి ఆరుమాసములైనది. తుదిజాబున ఆతడు కోరినవానిలో ఇవి కలవు: అనాథాశ్రమమునకు కొంత ధనమిండు, తాను కాశ్మీరమున నెలకు రూ. 50 ఇచ్చుచుండిన ఒక చిన్న బాలికకు ఆ సహాయమును ఆపకుడు. వీలైనచో వచ్చి మేము పోరాడిన తావును చూడుడు. ఆతనికి వీరచక్రము లభించెను.

హైదరాబాదునందు పుట్టినవాడొకడు, నాగకొండలవాడొకడు, సైనికుల యింట పుట్టిన పంజాబీ యొకడు. వీరి భాషలు వేరు, ఆహారములు వేరు. ఒకే కొండపై ఒకే పనికై వీరి నెత్తురు కలిసినది. జాతీయైక్యమను మాటను మనము వేదికలపై వేయిమార్లు వల్లించినను, దానికింతకంటె స్పష్టమైన అర్థము చెప్పజాలము.

ఈ జాబులలో పగను రేపుడని ఎవడును వ్రాయలేదు. విగ్రహము నిలుపుడని ఎవడును కోరలేదు. ఒకడు కథలు చెప్పుడనెను. ఒకడు ఏబది రూపాయలు ఇండనెను. చావు నెదుట నిలిచినవాని మనస్సున మెదలినవి పుట్టబోవు శిశువును, పరాయి పసిపిల్లయు. దేశమనగా పటముపై గీత మాత్రమే యని వారు తలపలేదని మనకిందువలన స్పష్టమగుచున్నది. కొండను కాచుట తమ వంతనిరి. ఆ కొండ యీవలనున్న పిల్లలను కాచుట మన వంతనిరి. వారి వంతు వారు తీర్చుకొనిరి.

మన వంతు మాటయేమి? ఏటేట జూలై 26వ తేదీన దీపములు వెలిగింతుము, జయఘోషలు చేయుదుము, మరునాడు మరతుము. ఆ యుద్ధమున ప్రాణములర్పించిన మనవారు 527 మంది. వారి పేర్లలో పదింటినైన మన విద్యార్థులు చెప్పగలరా? మన తాలూకాలోని సైనికుని విధవ పింఛనుకొరకు ఏ కచేరీ చుట్టు తిరుగుచున్నదో మనము విచారింతుమా? వీరుని తల్లికి పూలదండ అక్కరలేదు. మామూలు దినమున తలుపు తట్టి, అమ్మా, ఏమి కావలెనని యడుగు మనుష్యుడు కావలెను.

పద్మపాణి మరణించిన కొన్ని మాసములకు ఆతనికి కుమార్తె జన్మించెను. తండ్రి ముఖమెరుగని ఆ బిడ్డ పెరిగి పెద్దదై తండ్రిని గూర్చి పుస్తకము వ్రాసినది. ఆ యింటివారు తమ ఋణము తీర్చుకొనిరి. ఇక మిగిలినది మనము. మన పిల్లలకు దినమునకొక కథ చెప్పుదము. అందొకనాడు ఈ మువ్వుర కథయు చెప్పుదము. ఎరుగని యొక పసిబిడ్డ చదువునకు నెలనెల మన చేతనైనది యిచ్చెదము. ఏరువాక పున్నమి వచ్చినప్పుడు, మన దుక్కి నిర్భయముగా సాగుటకు ఎవరు మేల్కొనియుండిరో తలంతము. వారడిగినది యింతే; ఇంతకు తక్కువ చేయుట మనకు తగదు.