తుక్కు సామానుతో డీజిలు ఇంజను
(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగును. ఈ యేడు కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఇంటిలో చేసిన ఆ రైలింజనును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను" అనిరి. పగలెల్ల ఫైళ్లు చూచుకొను ఉద్యోగి రాత్రులందు తుక్కు సామాను ముందు వేసికొని కూర్చుండుట కొందరికి వింతగా తోచవచ్చును. మా ఇంటిలోనివారికి ఆ వింత తీరి చాల కాలమైనది. నేను ముఖ్యముగా కొలతను గూర్చియే చెప్పెదను. తక్కినదంతయు దాని వెంట వచ్చును.

నేను ఎన్నుకొన్న యింజను పేరు డబ్ల్యు.డి.యం.2. డబ్ల్యు అనగా బ్రాడ్ గేజి; డి అనగా డీజిలు; యం అనగా ప్రయాణికుల బండ్లకును సరకుల బండ్లకును పనికివచ్చునది. ఇది అమెరికాలోని ఆల్కో సంస్థవారి రూపకల్పన. మొదటివి 1962లో అచటినుండియే దిగుమతి యయ్యెను. పిదప వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారగుచు వచ్చినవి. అచటి తొలి యింజనును 1964 జనవరి 3వ తేదీన శ్రీ లాల్ బహదూర్ శాస్త్రిగారు జాతికి అంకితము చేసిరి. ఆ కర్మాగారమునకే 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మారినది. పదునారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, 112.8 టన్నుల బరువు, గంటకు 120 కిలోమీటర్ల గరిష్ఠ వేగము. మనలో ఏబదియేండ్లు దాటినవారు తమ ఊళ్లనుండి ఈ ఢిల్లీకి ఎన్నిసార్లు దీని వెనుక కూర్చుండి వచ్చిరో లెక్క పెట్టుకొని యుండరు.

నేడు బ్రాడ్ గేజి మార్గములలో అధికభాగము విద్యుదీకరింపబడినది. ఈ తరగతి యింజనుల నిర్మాణము ఆగిపోయి దశాబ్దములు గడచినవి. మిగిలినవి ఒకటొకటిగా వేలమునకు పోయి గ్యాసు కత్తి క్రింద ముక్కలైనవి. కొలిచి చూచుకొనవలెనన్నను అసలు వస్తువు కంటబడుట కష్టమగుచున్నది.

కాజీపేట డీజిలు షెడ్డులో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దాయన ఒకరు తమ కుమారుని యింటికి ఈ నగరమునకు వచ్చి మా వీధిలోనే ఉండిరి. భారత రైల్వే రంగులు వేసిన విదేశీ బొమ్మ యింజను నొకదానిని వారికి చూపితిని. చేతిలోనికి తీసికొని, తలక్రిందులు చేసి, చక్రములు చూచి, "బొమ్మ మంచిగున్నది బిడ్డా, ఇంజను కాదు" అనిరి. ఎందుకని అడిగితిని. "మధ్య ఇరుసు నడుమ నున్నది. మా బండికి అట్ల ఉండదు" అనిరి. ఆ మాట నిజము. డబ్ల్యు.డి.యం.2 బోగీలో మూడు ఇరుసులు కలవు గాని వాని నడుమ దూరములు సమానములు కావు. మధ్య ఇరుసు ఒక వైపునకు జరిగి యుండును. నలువది అడుగుల దూరమునుండి చూచినను ఆ యింజను నడక దీనివలననే గుర్తుపట్టవచ్చునని వారి వాదము.

ఇక కొలత మాట. ప్రపంచమున మిక్కిలి వాడుకలో నున్న నమూనా పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దానిపై తిరుగు బొమ్మలు అసలులో 87వ వంతు. 16.5ను 87 చేత గుణించిన 1,435 వచ్చును; అది అమెరికా, ఐరోపాల గేజి. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. అనగా 87వ వంతున మన యింజనునకు 19.3 మిల్లీమీటర్ల పట్టాలు కావలెను. అట్టివి అంగడిలో దొరకవు. కావున బొమ్మలు చేయువారు మన యింజను పెట్టెను వారి చక్రములపై కూర్చుండబెట్టుదురు. అప్పుడు పెట్టె క్రింద చక్రములు లోనికి ముడుచుకొని, పెద్దవాని కోటు తొడిగిన పిల్లవానివలె కనబడును.

దీనికి నేను ఎన్నుకొన్న ఉపాయము మిక్కిలి సులభమైనది. 87వ వంతునకు బదులు నూరవ వంతు తీసికొంటిని. 1,676ను నూరుచేత భాగింపగా 16.76, పట్టాల వెడల్పు 16.5. భేదము పావు మిల్లీమీటరు మాత్రమే! లెక్కకును హాయి. అసలు యింజను పొడవు 17.12 మీటర్లు, నమూనా 171 మిల్లీమీటర్లు. పిల్లలు సైతము నోటిలెక్కగా చేయగలరు.

అయితే ఈ హాయికి మూల్యము లేకపోలేదు. ఆల్కో బోగీల పక్కచట్రములు విడిభాగములుగా దొరకును గాని అవి 87వ వంతువి. చక్కనివి, అచ్చు పోసినవి. వానిని అంటించినచో ఒక్క సాయంత్రములో పని తీరెడిది. చూచువారిలో నూటికి తొంబదిమంది కనిపెట్టరు. కాజీపేట పెద్దాయన కనిపెట్టుదురు. ప్లాస్టిక్ రేకును పొరలు పొరలుగా అంటించి, ఆకురాయితో రాచి, రెండు బోగీలకు నాలుగు పక్కలు నేనే చేసికొంటిని. ఆరు వారములు పట్టెను.

తక్కిన సామాను వచ్చిన త్రోవలు విచిత్రమైనవి. మోటారు ఒక పాత టేపురికార్డరులోనిది. టేపురికార్డరు మోటారు లోపల వేగమును నిలుకడగా నుంచు చిన్న సర్క్యూటు ఉండును. దానిని తీసివేయనిచో బండి వేగము మారదు, వెనుకకు నడువదు. పళ్లచక్రములు చెడిపోయిన ప్రింటరులోనివి. పళ్ల పరిమాణము ఒక్కటే కానిచో అవి ఒకదానినొకటి తినివేయును గావున డజనులకొలది పోగుచేసి నాలుగింటిని ఏరుకొంటిని. పట్టాలనుండి విద్యుత్తు తీసికొనుటకు పాత టెలిఫోను రిలేలలోని సన్నని కంచు పట్టీలు చక్కగా పనికివచ్చినవి. ఇవి లజపతిరాయ్ మార్కెట్టులో తూకమునకు కొన్నవని మనవి. మన కార్యాలయములలోని తుక్కు వేలము ద్వారముననే బయటికి రావలెనని మీకు నేను చెప్పనక్కరలేదు.

చక్రములు 10.5 మిల్లీమీటర్లవి దొరికినవి. కొత్త చక్రము వ్యాసము అసలు యింజనులో 1,092 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 10.9 కావలెను. కాని చక్రములు నడచినకొలది అరుగును, లేతు పట్టినప్పుడెల్ల తరుగును. "కొన్నేండ్లు నడచిన బండి అనుకో" అని పెద్దాయన అనుమతి నిచ్చిరి.

వేగము లెక్క వినుడు. గంటకు 120 కిలోమీటర్లనగా సెకనుకు 33 మీటర్లు. నూరవ వంతున 33 సెంటీమీటర్లు. ఈ చక్రము ఒక చుట్టు తిరిగిన 3.3 సెంటీమీటర్లు సాగును. కావున సెకనుకు పది చుట్లు, నిమిషమునకు ఆరువందలు. మోటారు నిమిషమునకు తొమ్మిదివేల చుట్లు తిరుగును. పదునైదింట ఒకటి తగ్గింపవలెనని తేలినది. ఇట్లు లెక్క కట్టక చేసిన బొమ్మలు పట్టాలపై ఎలుకలవలె పరుగెత్తుచుండుట మీరు చూచియే యుందురు.

బరువు విషయమున మాత్రము కొలత నిలువదు. పొడవు నూరవ వంతైనచో బరువు పదిలక్షల వంతగును, 112.8 టన్నులు 112.8 గ్రాములగును. అంత తేలిక యింజను పెట్టెలను లాగలేక చక్రములు జారును. టైర్ల దుకాణములో చక్రములకు తగిలించు సీసపు ముక్కలు తెచ్చి లోపల నింపితిని. ఇప్పుడు మూడువందల గ్రాములు దాటినది.

పెట్టె ఇత్తడి రేకుతో చేసి టంకము పెట్టినది. పట్టుకొను కడ్డీలు వైండింగు తీగ. పెట్టె పక్కన వరుసగా తలుపు లుండును. ఛాయాచిత్రములు చాలక పెద్దాయననే అడిగితిని. వారు కన్నులు మూసికొని, చేయి గాలిలో ఆడించుచు, డ్రైవరు గదినుండి మొదలిడి చెప్పసాగిరి: ఇది జనరేటరు, ఇది ఇంజను, ఇచట ఎక్స్‌ప్రెసరు, చివర రేడియేటరు పంకా. ఏ తలుపు తీసిన చేయి దేనికి తగులునో, ఏది వేడిగా నుండునో, ఏ గడియ వానకాలమున బిగిసిపోవునో చెప్పిరి. నేను కాగితముపై గీచుచుంటిని. రెండు చోట్ల వారి చేయి ఆగినది. "ఇది యాదికి వస్తలేదు బిడ్డా" అనిరి. ఆ రెండు తలుపులును నేను గీయలేదు. అచట రేకు చదునుగానే విడిచితిని. వారితో కలిసి పనిచేసినవారు మన శ్రోతలలో నున్నను, మన బంధువులలో నున్నను సభానంతరము నాకు తెలుపవలెనని కోరుచున్నాను.

నమూనాను ప్రక్క గదిలో బల్లపై మూడు గజముల పట్టాలమీద ఉంచితిని. పిల్లలు నిరభ్యంతరముగా నడుపవచ్చును. రెగ్యులేటరు సగమునకు మించి త్రిప్పవలదు. చివర గోడ యున్నది.